చిక్కుముడి బొమ్మలు

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో అడుగుపెడితే పుస్తకాల దుకాణాల కంటే ముందు జిరాక్స్ దుకాణాలు కనిపిస్తాయి. సివిల్ సర్వీసుల పరీక్షకు చదువుకోవటానికి దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులు ఇక్కడి ఇరుకు గదుల్లో ఉంటారు. వారిలో తెలుగువాళ్లు తక్కువేమీ కాదు. టీ బడ్డీ దగ్గర నిలబడితే శ్రీకాకుళం యాస, కరీంనగర్ యాస రెండూ చెవిన పడతాయి. ఒకరు రాసుకున్న నోట్సు పది చేతులు మారి, జిరాక్స్ మీద జిరాక్స్ తీయగా, అక్షరాలు మసకబారి పదకొండో చేతికి చేరుతుంది.

ఈమధ్య అలాంటి పర్యావరణం నోట్సు ఒకటి నా చేతికొచ్చింది. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన ఒక విద్యార్థి అందులోని ఆహారజాలం బొమ్మ చూపించి, "సార్, ఇందులో ఎలుకలు పోతే గద్దకు తిండి మిగులుతుందా, మిగలదా?" అని అడిగాడు. ఎం.ఎస్సీ. చదివినవాణ్ణి, పాతికేళ్లుగా సైన్సు రాస్తున్నవాణ్ణి, అయినా వెంటనే చెప్పలేకపోయాను. జీవుల పేర్లన్నీ గుండ్రంగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య బాణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, మధ్యలో నల్లని ముద్దగా తయారయ్యాయి. బొమ్మలో తప్పు లేదు. ఏ జీవి ఏ జీవిని తింటుందో ఆ వివరాలన్నీ సరైనవే. అయినా బొమ్మ పనికిరాలేదు.

ఈ వ్యాసం అలాంటి బొమ్మల గురించే. సినిమాకు, నవలకు సమీక్ష రాస్తాం. బొమ్మకు ఎందుకు రాయకూడదు? పాఠ్యపుస్తకాల్లో, పత్రికల్లో, మెట్రో స్టేషన్ గోడల మీద మనం రోజూ చూసే చుక్కలు-గీతల బొమ్మల్లో ఏది మంచిది, ఏది చెడ్డది, ఎందుకు అన్నది పరిశీలిద్దాం.

ఒక కంపాస్, ఒక కాగితం

ముందుగా మీరే ఒక చిన్న ప్రయోగం చేయండి. మన వరిపొలంలోని ఎనిమిది జీవులను తీసుకుందాం: వరి, గడ్డి, మిడత, ఎలుక, కప్ప, కొంగ, పాము, గద్ద. నిజమైన పొలంలో ఇంకా చాలా ఉంటాయి. మన అవసరానికి ఇవి చాలు. మిడత వరినీ గడ్డినీ తింటుంది. ఎలుక వరిని తింటుంది. కప్ప మిడతను, కొంగ కప్పను తింటాయి. పాము కప్పనూ ఎలుకనూ తింటుంది. గద్ద ఎలుకనూ పామునూ తింటుంది. మొత్తం 8 చుక్కలు, 9 గీతలు.

కంపాస్‌తో ఒక వృత్తం గీసి, దాని మీద ఎనిమిది పేర్లను నిఘంటువు వరుసలో రాయండి: ఎలుక, కప్ప, కొంగ, గడ్డి, గద్ద, పాము, మిడత, వరి. ఇప్పుడు తినబడేదాని నుంచి తినేదాని వైపు తిన్నని బాణాలు గీయండి. చాలామంది విద్యార్థులు బాణాన్ని తలకిందులుగా గీస్తారు. ఆహారజాలంలో బాణం శక్తి ప్రవహించే దిశను సూచిస్తుంది కనుక అది వరి నుంచి మిడతకు పోవాలి. గీయటం పూర్తయ్యాక గీతలు ఎన్నిచోట్ల ఒకదాన్నొకటి ఖండించుకున్నాయో లెక్కపెట్టండి. ఆరు చోట్ల.

ఇప్పుడు అదే సమాచారాన్ని మరో కాగితం మీద మెట్లుగా పేర్చండి. అట్టడుగున ఎడమవైపు గడ్డి, కుడివైపు వరి. వాటి పైమెట్టులో ఎడమన మిడత, కుడిన ఎలుక. మిడతకు పైన కప్ప. కప్పకు పైన ఎడమన కొంగ, కుడిన పాము. అన్నిటికన్నా పైన, కుడి అంచున గద్ద. ఎలుక నుంచి గద్దకు పోయే బాణాన్ని పాముకు కుడిపక్కగా పోనివ్వండి. మళ్లీ ఖండనలు లెక్కపెట్టండి. ఒక్కటి కూడా లేదు.

రెండు బొమ్మల్లోనూ ఉన్న సమాచారం ఒక్కటే. జీవి తగ్గలేదు, బాణం తగ్గలేదు. మారింది అమరిక మాత్రమే. కానీ ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు జవాబు చూడండి. ఎలుకను వేలితో మూయండి. గద్దకు ఇంకా దారి ఉంది: మిడత, కప్ప, పాము, ఆపైన గద్ద. అయితే మిగిలింది ఆ ఒక్క దారే. ఇప్పుడు ఎలుకను వదిలి మిడతను మూయండి. పురుగుమందుతో మిడతలు పోయాయనుకోండి. కప్పకు తిండి లేదు, దానితోపాటు కొంగకూ లేదు. గద్ద మాత్రం ఎలుక ఆధారంతో బతుకుతుంది. మొదటి బొమ్మలో నిమిషాలు పట్టే ఈ ఆలోచనకు రెండో బొమ్మలో ఒక చూపు చాలు.

ఇలా మెట్లుగా పేర్చే పద్ధతిని కంప్యూటరు చేయగలిగే విధానంగా 1981లో జపాన్‌కు చెందిన సుగియామా, ఆయన సహచరులు రూపొందించారు. దిశ ఉన్న సంబంధాలకు, అంటే ఎవరు ఎవరిని తింటారు, ఏ పని తర్వాత ఏ పని, ఏ పాఠానికి ముందు ఏ పాఠం వంటివాటికి, నేటికీ ఈ పద్ధతే ముందు గుర్తుకు రావలసింది. వృత్తంలో పేర్చటం సులువు కనుక గీసేవాడికి బాగుంటుంది. చదివేవాడి సంగతి వేరు.

ముగ్గుకూ దీనికీ తేడా

మన ఇళ్ల ముందు చుక్కల ముగ్గు వేసేవారు ముందు చుక్కలు పెడతారు, తర్వాత గీతలు కలుపుతారు. ఏడు చుక్కలు ఏడు వరుసలు అంటే చుక్కల చోటు ఖాయమైపోయినట్టే. నేర్పంతా గీతలో ఉంటుంది. గణితంలో గ్రాఫ్ అని పిలిచే బొమ్మ ఇందుకు విరుద్ధం. అక్కడ ఏ చుక్క ఏ చుక్కతో కలవాలన్నది ఖాయం. చుక్క ఎక్కడ పెట్టాలన్నది మన ఇష్టం. నేర్పంతా ఆ చోటు ఎంచుకోవటంలో ఉంటుంది.

ఈ గణితానికి పునాది వేసింది ఆయిలర్. కోనిగ్స్‌బర్గ్ నగరంలోని ఏడు వంతెనలను, ఒక్కొక్కదాన్ని ఒక్కసారి మాత్రమే దాటుతూ తిరిగి రాగలమా అన్న ప్రశ్నకు సాధ్యం కాదని 1736 నాటి పత్రంలో ఆయన నిరూపించాడు. వంతెన పొడవు ఎంత, వంపు ఎటు అన్నవి ఈ ప్రశ్నకు అనవసరమని, ఏ నేల ఏ నేలతో కలిసిందన్నదే ముఖ్యమని గ్రహించటం ఆయన గొప్పదనం. విచిత్రమేమిటంటే, నేటి పుస్తకాలన్నిటిలో కనిపించే నాలుగు చుక్కలు, ఏడు గీతల బొమ్మను ఆయన ఆ పత్రంలో గీయనేలేదు. అది తర్వాతివారు గీసినది. బొమ్మ వచ్చాక ఆ వాదన ఎనిమిదో తరగతి విద్యార్థికి కూడా అర్థమయ్యేంత తేలికైంది.

గోడ మీది మెట్రో పటం

ఓల్డ్ రాజిందర్ నగర్‌కు దగ్గరలో రాజేంద్ర ప్లేస్, కరోల్ బాగ్ అనే రెండు మెట్రో స్టేషన్లున్నాయి. 2005 డిసెంబరు 31న ప్రారంభమైన బ్లూ లైన్ భాగంలోనివి. ఇక్కడ రైలు పూసా రోడ్డుకు పైన వంతెన మీద నడుస్తుంది. ఈ పేటలో చిరునామా చెప్పేవారు మెట్రో స్తంభం నంబరు చెబుతారు. అంటే రైలు దారినే ఒక కొలబద్దగా వాడుకుంటున్నారన్నమాట. ఒకే గీత మీద చుక్కలు వరుసగా ఉంటే చదవటం ఎంత తేలికో చెప్పటానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కరలేదు.

స్టేషన్‌లోకి వెళితే గోడ మీద మెట్రో పటం ఉంటుంది. మన దేశంలో రోజూ ఎక్కువమంది చదివే గ్రాఫ్ బొమ్మల్లో అదొకటి. స్టేషన్లు చుక్కలు, పట్టాలు గీతలు. ఇలాంటి పటాల వంశమంతా లండన్ నుంచి వచ్చింది. అక్కడ హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ 1931లో భూగర్భ రైల్వేకు ఒక కొత్త పటం గీశాడు. నేల మీది దూరాలను, వంపులను వదిలేసి, గీతలను నిలువుగా, అడ్డంగా, 45 డిగ్రీల ఏటవాలుగా మాత్రమే ఉంచాడు. కిక్కిరిసిన నగర మధ్యభాగాన్ని విశాలం చేశాడు. దూరదూరంగా ఉన్న శివార్లను దగ్గరికి లాగాడు. 1933లో అచ్చయిన ఆ పటాన్ని చూసి ప్రపంచంలోని ఎన్నో నగరాలు తమ పటాలు గీసుకున్నాయి.

ఢిల్లీ పటానికి నా సమీక్ష ఇది. రాజేంద్ర ప్లేస్ నుంచి ఐఐటీ స్టేషన్‌కు వెళ్లాలనుకోండి. ఒక దారి: తూర్పుగా 4 స్టేషన్లు వెళ్లి రాజీవ్ చౌక్‌లో యెల్లో లైన్ ఎక్కి, 9 స్టేషన్ల తర్వాత హౌజ్ ఖాస్‌లో మెజెంటా లైన్‌కు మారి, ఒక స్టేషన్ వెళ్లటం. మొత్తం 14 స్టేషన్లు, రెండు మార్పులు. రెండో దారి: పడమరగా 11 స్టేషన్లు జనక్‌పురి వెస్ట్ దాకా వెళ్లి, అక్కడ మెజెంటా లైన్‌లో 10 స్టేషన్లు. మొత్తం 21 స్టేషన్లు, ఒకటే మార్పు. సామాను మోసుకుపోయేవారికి రెండోది నచ్చవచ్చు. తొందరలో ఉన్నవారు మొదటిదే ఎంచుకుంటారు. రెండు దారులూ ఉన్నాయని, వాటి మధ్య తేడా ఇదని నిమిషంలో తెలియజేయగలిగిన బొమ్మ మంచి బొమ్మే. ఈ విషయంలో ఢిల్లీ పటం నెగ్గింది. రంగు గీత మీద వేలు పెట్టి చుక్కలు లెక్కపెట్టుకుంటూ పోవచ్చు.

ఇక లోపాల సంగతి. మొదటిది రంగు. గులాబీ, మెజెంటా అని రెండు లైన్లున్నాయి. దక్షిణ ఢిల్లీలో ఈ రెండూ తూర్పు పడమరలుగా, ఒకదానికి ఒకటి దిగువగా సాగుతాయి. దగ్గరి రంగులను దగ్గరి దారులకు ఇవ్వటం చదివేవారికి మేలు చేయదు. పైగా మన జిరాక్స్ దుకాణంలో ఇదే పటాన్ని నలుపు తెలుపుల్లో తీయించుకుని గది గోడకు అంటించుకునే విద్యార్థికి తొమ్మిది లైన్లూ బూడిద రంగే. ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియని కళ్లున్నవారి సంగతి కూడా ఆలోచించాలి. గీత పక్కనే లైన్ పేరో నంబరో ఉన్న పటం రంగు పోయినా బతుకుతుంది. రంగు ఒక్కదాన్నే నమ్ముకున్న పటం బతకదు.

రెండోది గీత పొడవు. పటం మీద అంగుళం అంటే నేల మీద ఇంత అని చెప్పటానికి లేదు. కొత్త ఢిల్లీ స్టేషన్ నుంచి విమానాశ్రయం మీదుగా ద్వారకాకు పోయే ఎయిర్‌పోర్ట్ లైన్ 2011లో ప్రారంభమైనప్పుడు దాదాపు 23 కిలోమీటర్ల దారిలో 6 స్టేషన్లే ఉన్నాయి. బ్లూ లైన్‌లో నగరం నడిబొడ్డున స్టేషన్లు కిలోమీటరుకు ఒకటి చొప్పున వస్తాయి. పటంలో మాత్రం రెండూ చుక్క, గీత, చుక్కే. అలాగే ధౌలా కువాఁ స్టేషన్‌నూ, గులాబీ లైన్‌లోని సౌత్ క్యాంపస్ స్టేషన్‌నూ కలుపుతూ 2019లో తెరిచిన నడక వంతెన పొడవు కిలోమీటరుకు పైనే. వేసవి మధ్యాహ్నం ఆ "మార్పు"కూ రాజీవ్ చౌక్‌లో మెట్లు దిగే మార్పుకూ ఎంతో తేడా ఉంది. రెండిటినీ ఒకేలాంటి గుర్తుతో చూపే ఏ పటమైనా ప్రయాణికుణ్ణి తప్పుదోవ పట్టించగలదు.

ఇది ఊహ కాదు. లండన్ ప్రయాణికులు దారి ఎంచుకునే తీరును పరిశీలించి జాన్ గువో 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పటం మీద కనిపించే దూరం నిజమైన ప్రయాణ సమయం కంటే దాదాపు రెట్టింపు ప్రభావం చూపుతోందని తేలింది. అంటే జనం నేలను కాక బొమ్మను నమ్మి నడుస్తున్నారన్నమాట. బొమ్మ గీసేవారి బాధ్యత ఎంతటిదో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

అలాగని బెక్ నియమాలను వేదవాక్కుగా తీసుకోవలసిన పని లేదు. మ్యాక్స్‌వెల్ రాబర్ట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పారిస్ మెట్రోకు గీతలన్నీ వంపులుగా ఉండే పటం గీసి పరీక్షించాడు. అధికారిక పటం కంటే దానితో జనం దారులు త్వరగా కనుక్కున్నారు. మరో విశేషం ఏమిటంటే, ఏ పటం బాగుందని జనం చెప్పారో, ఏ పటంతో బాగా పని చేశారో ఆ రెండూ ఒకటి కాలేదు. కంటికి నచ్చినది కంటికి పనికొచ్చినది అయి తీరాలని లేదు.

ఇటుకల బండి చెప్పిన పాఠం

గీతల ఖండనల మీద ఇంత పట్టుదల ఎందుకు? దీని వెనక ఒక కథ ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, హంగేరీ గణితవేత్త పాల్ తురాన్ బుడాపెస్ట్ దగ్గర ఒక ఇటుకల ఫ్యాక్టరీలో నిర్బంధ కూలీగా పనిచేశాడు. ప్రతి బట్టీ నుంచి ప్రతి నిల్వ స్థలానికీ చిన్న పట్టాలు ఉండేవి. ఇటుకల బండి తేలిగ్గానే నడిచేది. పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట మాత్రం చక్రం ఎగిరి ఇటుకలు కింద పడేవి. ఖండనలు కనీసంగా ఉండేలా పట్టాలు ఎలా వేయాలి అని ఆయన అక్కడే ఆలోచించాడు. ఆ ప్రశ్నకు అన్ని సందర్భాలకూ వర్తించే నిరూపణ నేటికీ దొరకలేదు.

మూడు ఇళ్లకు నీళ్లు, కరెంటు, గ్యాసు గొట్టాలను ఒకదాన్నొకటి దాటకుండా వేయమనే పొడుపు మీలో చాలామంది ప్రయత్నించి ఉంటారు. అది అసాధ్యం. ఖండనలు లేకుండా గీయగలిగే గ్రాఫ్‌లు ఏవో, గీయలేనివి ఏవో పోలండ్ గణితవేత్త కురతోవ్‌స్కీ 1930లో తేల్చాడు. ఖండనలు లేకుండా వంకర గీతలతో గీయగలిగిన ప్రతి బొమ్మనూ తిన్నని గీతలతో కూడా గీయవచ్చని ఫారీ 1948లో ప్రచురించిన సిద్ధాంతం చెబుతుంది. కనుక తిన్నని గీతలు చాలవని సాకు చెప్పే వీలు లేదు.

అయితే ఇచ్చిన గ్రాఫ్‌కు ఖండనల కనీస సంఖ్య ఎంతో కనుక్కోవటం చాలా కష్టమైన లెక్కల జాతికి చెందుతుందని గారీ, జాన్సన్ 1983లో నిరూపించారు. అన్ని సందర్భాల్లోనూ త్వరగా జవాబు చెప్పే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకని లెక్కలవి. కంప్యూటరు ఉన్నా సరే, మీట నొక్కగానే అత్యుత్తమ బొమ్మ వస్తుందని ఆశించకూడదు. వచ్చేది ఒక మంచి ప్రయత్నం. దాన్ని మనిషి కన్ను చూసి, చేయి సర్దాలి.

ఖండనలు నిజంగా చదివేవారికి అడ్డా, లేక గీసేవారి చాదస్తమా? హెలెన్ పర్చేజ్ అనే పరిశోధకురాలు దీన్ని విద్యార్థుల చేత పరీక్షింపజేసి 1997లో ఫలితాలు ప్రచురించింది. ఒకే గ్రాఫ్‌ను రకరకాలుగా గీసి, ఈ చుక్క నుంచి ఆ చుక్కకు దగ్గరి దారి ఎంత వంటి ప్రశ్నలు అడిగారు. ఖండనలు తగ్గించటమే అన్నిటికన్నా ఎక్కువగా ఉపకరించింది. గీతల మలుపులు తగ్గించటం, సౌష్ఠవం పెంచటం వంటివి కొంతవరకే పనిచేశాయి. ముగ్గు మీద మక్కువతో సౌష్ఠవం కోసం పాకులాడే మనకు ఇది చేదు వార్తే.

స్ప్రింగుల బొమ్మ, నా పొరపాటు

నేడు పత్రికల్లో కనిపించే నెట్‌వర్క్ బొమ్మల్లో చాలా భాగం స్ప్రింగు పద్ధతిలో గీసినవి. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ ఈడ్స్ 1984లో ఈ ఊహ చేశాడు. చుక్కలను ఉక్కు రింగులనుకోండి. గీతలను స్ప్రింగులనుకోండి. కలిసి ఉన్నవాటిని స్ప్రింగు దగ్గరికి లాగుతుంది. కలవని చుక్కలు, ఒకే ధ్రువం ఉన్న అయస్కాంతాల్లా, ఒకదాన్నొకటి నెడతాయి. వదిలేస్తే కాసేపు ఊగి, ఎక్కడో ఒకచోట నిలకడకు వస్తాయి. అదే బొమ్మ. 1991లో ఫ్రూక్టర్‌మన్, రైన్‌గోల్డ్ దీన్ని మెరుగుపరిచారు. ఇంతకు ముందే, 1963లో టట్ అనే గణితవేత్త వెలుపలి చుక్కలను మేకులతో బిగించి, లోపలివాటిని వాటి పొరుగు చుక్కల సగటు స్థానంలో పెట్టే పద్ధతి చెప్పాడు. లోపలి గీతలన్నీ రబ్బరు బ్యాండ్లయితే ఎలా సర్దుకుంటాయో అలాగన్నమాట.

స్ప్రింగు బొమ్మలో గుంపులు బాగా బయటపడతాయి. ఒకరితో ఒకరు ఎక్కువగా కలిసి ఉన్నవారు ఒకచోట చేరతారు. అది దాని సుగుణం. కానీ సాధారణంగా ఆట మొదలయ్యేది చుక్కలను ఇష్టం వచ్చినట్లు చల్లటంతో. మళ్లీ చల్లితే మరో బొమ్మ వస్తుంది. అది తిరిగి ఉండవచ్చు, తలకిందులై ఉండవచ్చు, ఒక గుంపు ఇటు నుంచి అటు మారి ఉండవచ్చు. ఎడమ, కుడి, పైన, కింద అన్నవాటికి అక్కడ ఏ అర్థమూ లేదు.

ఈ సంగతి నేను నా తప్పు ద్వారా నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం శాస్త్రవేత్తల మధ్య సహకారం గురించిన ఒక వ్యాసాన్ని తెనిగించాను. మూలంలో బొమ్మ కింద వివరణ లేదు. పాఠకుడికి సాయం చేద్దామని "బొమ్మ నడిమధ్యన ఉన్న వ్యక్తే ఈ రంగానికి కేంద్రం" అని నేనే ఒక వాక్యం చేర్చాను. అచ్చుకు ముందు బొమ్మ స్పష్టంగా లేదని అదే సమాచారంతో మళ్లీ గీయించారు. ప్రూఫులో చూస్తే నడిమధ్యన వేరే వ్యక్తి ఉన్నాడు! నా వాక్యం మాత్రం అలాగే ఉంది. అదృష్టవశాత్తు కంటపడింది కనుక తీసేశాను. నేను రాసినది సైన్సు కాదు, ఒక యాదృచ్ఛిక చోటుకు అంటగట్టిన కథ. అనువాదకుడు మూలంలో లేని మాట చేరిస్తే పట్టుకుంటారు. బొమ్మలో లేని అర్థం చేరిస్తే పట్టుకునేవారు తక్కువ.

కేంద్రం ఎవరో చెప్పాలంటే లెక్క చేయాలి. ఎవరికి ఎన్ని గీతలున్నాయి, ఎవరి మీదుగా ఎన్ని దగ్గరి దారులు పోతున్నాయి అన్నవి అంకెలు. బొమ్మ ఎన్నిసార్లు గీసినా అవి మారవు.

బొమ్మే వద్దనుకునే చోటు

చుక్కలు పెరిగేకొద్దీ ఏ అమరికా ఆదుకోదు. మీ తరగతిలో 40 మంది ఉంటే, ఒకరితో ఒకరు కలిసే జతలు 780 దాకా ఉండవచ్చు. అందులో సగం గీసినా వచ్చేది పీచుముద్దే. విలేఖరులు కొందరు అలాంటి ముద్దను "చూడండి, ఎంత సంక్లిష్టమో" అంటూ అచ్చేస్తారు. సంక్లిష్టమని చెప్పటానికి బొమ్మ ఎందుకు? ఆ మాట చాలు.

అలాంటి చోట గడుల పట్టిక మేలు. అడ్డ వరుసల్లో పేర్లు, నిలువు వరుసల్లోనూ అవే పేర్లు. ఇద్దరికి సంబంధం ఉంటే ఆ గడి నింపుతారు, లేకుంటే ఖాళీ. ఇక్కడ ఖండన అనే సమస్యే లేదు. ఫ్రాన్స్‌లో గోనియెమ్, ఫెకెత్, కస్తాగ్లియోలా 2004లో రెండు పద్ధతులనూ పోల్చి చూశారు. చుక్కలు ఇరవైకి మించితే చాలా పనులకు పట్టికే మెరుగని, దారి వెతికే పనికి మాత్రం గీతల బొమ్మే నయమని వారు గమనించారు. పట్టికలోనూ పేర్ల వరుస ముఖ్యమే. స్నేహితులను పక్కపక్కన రాస్తే నిండిన గడులు గుంపులుగా కనిపిస్తాయి. హాజరు పట్టీ వరుసలో రాస్తే చెదిరిపోతాయి. అమరిక సమస్య ఇక్కడా మనల్ని వదలదు.

బయటికి దారి

ఓల్డ్ రాజిందర్ నగర్ పేరు చెప్పగానే ఇప్పుడు చాలామందికి గుర్తొచ్చేది 2024 జూలై 27. ఆ సాయంత్రం ఒక శిక్షణ కేంద్రం నేలమాళిగలోని గ్రంథాలయంలోకి వర్షపు నీరు ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ ప్రమాదానికి బాధ్యులెవరన్నది ఈ వ్యాసం తేల్చేది కాదు, బొమ్మల లోపం వల్ల జరిగిందనీ నేను అనటం లేదు. కానీ ఈ వీధుల్లో నడిచినప్పుడల్లా నాకు ఒక విషయం తడుతుంది. ప్రతి భవనమూ ఒక గ్రాఫే. గదులు చుక్కలు, తలుపులూ మెట్లూ గీతలు. ఏ గీత తెగితే కొన్ని చుక్కలు మిగతావాటి నుంచి విడిపోతాయో ఆ గీతను గణితంలో వంతెన అంటారు. పై అంతస్తుల్లోనో, నేలమాళిగలోనో ఉన్న గదికి ఒకటే మెట్ల దారి ఉంటే ఆ దారి వంతెన. అది మూసుకుపోతే ఇంకో దారి లేదు.

భవనాల్లో "అత్యవసర మార్గం" అని వేలాడదీసే పటాలను మీరు చూసే ఉంటారు. చాలావాటిలో ఇంజనీరు నక్షాను యథాతథంగా అతికించి ఉంటారు. గోడల మందం, కుర్చీలు, గుమ్మాల కొలతలు అన్నీ ఉంటాయి. బయటికి ఎన్ని దారులున్నాయన్న ఒక్కటి మాత్రం వెతుక్కోవాలి. పొగలోనో, చీకటిలోనో, నీళ్లలోనో ఉన్న మనిషికి దొరికేది నిమిషం కాదు, కొన్ని క్షణాలు. బెక్ చేసినట్టు కొలతలు వదిలేసి, "మీరు ఇక్కడ" అన్న చుక్క, మెట్ల చుక్క, వీధి చుక్క, వాటి మధ్య గీతలు మాత్రమే ఉంచితే చాలు. అలా గీసిన వెంటనే ఒకే గీత ఉందా, రెండున్నాయా అన్నది కూడా బయటపడుతుంది. ఒకటే ఉన్నట్టు తేలితే ఆ బొమ్మను గోడకు అంటించి ఊరుకోవటం కాదు, యజమానిని అడగాలి.

మంచి అమరిక చేసే అసలు పని ఇదే. మన పొలంలో గద్దకు ఇక ఒకటే దారి మిగిలిందని చూపినట్టు, ఎక్కడ తెగితే ప్రమాదమో చూపటం. చిక్కుముడి బొమ్మలో ప్రతి గీతా ఒకేలా కనిపిస్తుంది. తెగకూడని గీత కూడా గుంపులో గోవిందా.

గీసేముందు

కనుక విద్యార్థులకు నా సూచనలు కొన్నే. బొమ్మ ఏ ప్రశ్నకు జవాబో ముందు ఒక వాక్యంలో రాసుకోండి. దిశ ఉంటే మెట్లుగా పేర్చండి, గుంపులు చూపాలంటే స్ప్రింగు పద్ధతి వాడండి, చుక్కలు మరీ ఎక్కువైతే పట్టిక వేయండి. ఖండనలు లెక్కపెట్టి, ఒక్కో చుక్కను జరిపి తగ్గించండి. రంగు లేకుండా జిరాక్స్ తీయించి చూడండి. చివరిగా, ఆ విషయం తెలియని స్నేహితుడికి ఇచ్చి మీ ప్రశ్న అడగండి. అతను చెప్పలేకపోతే లోపం అతనిది కాదు.

అభ్యాసానికి హైదరాబాద్ మెట్రో తీసుకోండి. 2017 నవంబరులో మొదలై, 2020 ఫిబ్రవరి నాటికి 69 కిలోమీటర్లకు చేరిన ఆ వ్యవస్థలో మూడు లైన్లు: మియాపూర్ నుంచి ఎల్.బి. నగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్. మారే చోట్లు మూడు: అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్. అచ్చు పటం చూడకుండా ఆ మూడు చుక్కలను ముందు పెట్టి, మిగతాది మీరే పేర్చండి. ఆ మూడూ ఒక త్రిభుజమవుతాయని మీకే తెలుస్తుంది. అమీర్‌పేటలో మార్పు వీలుకాని రోజున నాగోల్ నుంచి ఎల్.బి. నగర్ వెళ్లటానికి ఇంకో దారి ఉందా అన్నది మీ బొమ్మను అడగండి.

ఆ గుంటూరు విద్యార్థి మెట్లుగా పేర్చిన ఆహారజాలాన్ని తన నోట్సులో కొత్తగా గీసుకున్నాడు. ఈసారి పదకొండో చేతికి చేరేది ఆ బొమ్మే అవుతుందని నా ఆశ.